రెండువేల ఆరువందల గుర్రాలకి పదహారు రాడ్లు

డీజిల్ ఇంజన్ కనెక్టింగ్ రాడ్డుని మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత సిగ్గుపడ్డాను గాని, అప్పుడు మాత్రం ఆపుకోలేకపోయాను. ఖరగ్‌పూర్ కార్ఖానాలో పన్నెండేళ్ల పాటు ఆవిరి ఇంజన్లకి రాడ్లు బిగించినవాణ్ణి. మా రాడ్డు అంటే మనిషి కంటే పొడుగు. చెయిన్ పుల్లీ తగిలించి, నలుగురు నాలుగు వైపులా పట్టుకుంటే గాని కదలదు. కొత్తగా పెట్టిన డీజిల్ షాపులో బల్ల మీద పడుకోబెట్టినది నా కాలంత కూడా లేదు. ఒక్కణ్ణే గుండెకి ఆనించుకుని ఎత్తేశాను. "దీనితోటేనా రైలు లాగేది?" అన్నాను పక్కనున్నాయనతో.

ఆయన ఆ షాపులో పనంతా చూసే చార్జిమన్ అని అప్పటికి నాకు తెలీదు. బెంగాలీ మనిషి, ఊళ్లోనే ఇందా అనే పేట నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అందరం దాదా అనేవాళ్లం. ఆయన కోపం తెచ్చుకోలేదు. నన్ను ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లి, దాని కొసన నత్తగుల్లలా చుట్టుకున్న ఇనప డొల్ల ఒకటి చూపించి, హిందీలో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అది టర్బో. ఇంజన్ వదిలేసే పొగ బయటికి పోతూ పోతూ అందులో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద అవతల ఇంకో చక్రం. అది బయటి గాలిని లాక్కుని, నొక్కి, సిలిండర్లలోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే చమురు ఎక్కువ కాలుతుంది, చమురు ఎక్కువ కాలితే తోపు పెరుగుతుంది. సిలిండర్లు పదహారు, బలం రెండువేల ఆరువందల గుర్రాలు. ఆ బలమంతా చక్రాలకి చేరడానికి ఉన్న దారి ఈ పదహారు రాడ్లే.

"ఇప్పుడు నవ్వు," అన్నాడు దాదా.

నవ్వు ఎక్కడిది. ఆవిరి ఇంజన్లో కూడా వాడేసిన ఆవిరి పోతూ పోతూ నిప్పుని రాజేస్తుంది, అది మాకు కొట్టినపిండి. కానీ పారేసే పొగతో చాకిరీ చేయించి గాలిని కూరి కూరి తినిపించడం, ఆ తిండి అరిగించుకునే బలాన్ని నా కాలంత ఇనపముక్క మొయ్యడం! ఆ సాయంత్రం ట్రాఫిక్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలో మా క్వార్టరుకి వచ్చాక, అన్నం ముందు కూర్చుని మా ఆవిడకి టర్బో గురించి చెబుతూ పప్పులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. "అన్నం సల్లారిపోతంది, ముందు మీ సిలిండర్లోకి కూరండి," అంది.

అయితే మా ఇంట్లో సరదా కంటే ముందు భయం ఉంది. ఆవిరి సెక్షన్లో పని పలచబడుతోంది. ఏడాదికేడాదికీ లోపలికొచ్చే ఇంజన్లు తగ్గుతున్నాయి, మనుషులేమో అంతమందే. డీజిల్ షాపులోకి తీసుకుంటే ఖరగ్‌పూర్లోనే ఉండిపోవచ్చు. లేకపోతే ఆవిరి ఎక్కడ మిగిలితే అక్కడికి, ఏ మారుమూల షెడ్డుకో మూటాముల్లె సర్దుకోవాలి. మా ఆవిడ ఇక్కడే పుట్టింది. ఇక్కడి తెలుగు బడిలో కొత్తగా పంతులమ్మగా చేరింది. ఊరు కదలడం అనే మాట ఎత్తితే చాలు, వంటింట్లో గిన్నెలు పెద్దగా మాట్లాడేవి.

ఆవిరి సెక్షన్ నుంచి ఇద్దర్ని మూడు వారాల పాటు డీజిల్ షాపుకి పంపించారు. ఒకణ్ణి నేను, రెండోవాడు మా మావ. మావ అంటే మా ఆవిడకి మేనమామ, నాకు పని నేర్పినవాడు. ఇనుముని సుత్తితో తట్టి చెవితో జబ్బు చెప్పేవాడు. ఒక ఇంజన్‌కి పదహారు రాడ్లు ఏరి బిగించాలి. అది పూర్తి లోడు మీద నిలబడాలి. తర్వాత దాదా రాసిచ్చే రిపోర్టుని బట్టి మాలో ఒకర్ని తీసుకోవాలో, ఇద్దర్నీ తీసుకోవాలో, ఎవరూ వద్దో ఫోర్‌మన్ తేలుస్తాడు. అదీ షరతు.

విప్పేసిన ఇంజన్లలోంచి వచ్చిన రాడ్లు నలభైకి పైన ఒక మూల పేర్చి ఉన్నాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, ఉన్నవాటిలోంచే ఏరుకోవాలి. మొదటి రోజు దాదా మమ్మల్ని కూర్చోబెట్టి ఏమేం చూడాలో చెప్పాడు. మావకి బజారు బెంగాలీ బాగానే వచ్చు గాని, మధ్యలో ఇంగ్లీషు ఇంజనీరింగు మాటలు పడేసరికి నా మొహం చూసేవాడు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. వంకర ఉండకూడదు, మెలి ఉండకూడదు, రాడ్డు కింది కొసన ఉండే బెజ్జం, పెద్ద కన్ను, గుండ్రం చెడకూడదు, బరువులు కలవాలి. ఇవన్నీ చెప్పాను. రాడ్డు ఒంటి మీద ఎక్కడా గీత, దెబ్బ పడకూడదు అని కూడా దాదా అన్నాడు. సామాను జాగ్రత్తగా పట్టుకోవడం మావకి నేను చెప్పడమేమిటని ఆ ఒక్కటి వదిలేశాను.

మొదటి పేచీ బరువు దగ్గర వచ్చింది. దాదా చెప్పాడు గనక నేను సన్నటివి, తేలికపాటివి తీసి ఒక వైపు పెడుతుంటే మావ అడ్డుపడ్డాడు.

"బక్కసిక్కినోటిని ఏరతావేటి అల్లుడా? బరువుగున్నదే బలంగుంటాది."

నాకూ లోపల అదే అనుమానం. దాదాని అడిగాం. ఆయన ఒక చేత్తో గాలిలో పిస్టన్ని ఆడించి చూపించాడు. కిందికి తోసేటప్పుడు రాడ్డు నలుగుతుంది. ఆ నలుగుడుని మంచి ఇనుము ఓర్చుకుంటుంది. కానీ పొగని బయటికి గెంటి పిస్టన్ పైకొచ్చి, ఠక్కున ఆగి కిందికి మళ్లుతుందే, అక్కడ దాన్ని పట్టి వెనక్కి లాగేది రాడ్డే. ఆ క్షణాన పిస్టన్ బరువూ రాడ్డు బరువూ కలిసి, రాడ్డుని కింద క్రాంకు ఇరుసుకి పట్టి ఉంచే బోల్టుల మీద వేలాడతాయి. నిమిషానికి వెయ్యిసార్లు తిరిగే ఇంజన్లో రాడ్డు తన బరువుతో తన బోల్టులనే తెంపుకుంటుంది. తోపుకి ఒళ్లు నిలవాలి, లాగుడుకి బోల్టులు నిలవాలి. రెంటికీ సరిపోయేదాన్ని ఏరాలి గాని, లావుదాన్ని కాదు.

ఇది మావకి తెలుగులో చెప్పేసరికి ఆయన ఒక రాడ్డు బోల్టు కన్నంలో వేలు పెట్టి చూశాడు. తర్వాత, "అంటే తోసీదానికన్నా ఆపీదానికే బలం కావాలన్నమాట," అన్నాడు. పన్నెండేళ్లు చేసిన పనిని మళ్లీ మొదటి నుంచి చూస్తున్నట్టు నాకనిపించింది.

ఆ మూడు వారాలంత హుషారుగా నేను జీవితంలో ఎప్పుడూ పనిలోకి వెళ్లలేదు. సైరను కంటే ముందే గేటు దగ్గర ఉండేవాణ్ణి. పగుళ్లు చూడడానికి ఒక మెషిను ఉండేది. రాడ్డుని రెండు దవడల మధ్య బిగించి కరెంటు పంపితే అది అయస్కాంతమైపోతుంది. కిరసనాయిల్లో కలిపిన ఇనప పొడి పైన పోస్తే, కంటికి కనపడని పగులు ఉన్నచోట పొడి నల్లటి గీతగా నిలబడుతుంది. నేను మెషిను దగ్గర, మావ పక్కన దూలానికి రాడ్డుని తాడుతో వేలాడదీసి రాగి సుత్తితో తడుతూ. ఆయన మూడింటిని పనికిరావన్నాడు. రెంటిలో మెషినూ గీత చూపించింది. మూడోది బాగుందంది.

"బాగోలేదు, గొంతు పోయినాది," అన్నాడు మావ.

నేను మెషిను వైపే ఉన్నానని ఒప్పుకోవాలి. చదువుకున్న పొగరు. దాదా ఏమనుకున్నాడో, రాడ్డు చుట్టూ కరెంటు తీగ చుట్టి, అయస్కాంతాన్ని ఇంకో దిక్కున పట్టించి మళ్లీ పొడి పోయించాడు. పై కొసన చిన్న కన్ను మెడ దగ్గర, వెంట్రుకంత గీత. దాదా మావ భుజం మీద చెయ్యి వేసి, "బడా కాన్ హై," అన్నాడు, గొప్ప చెవి అని. మావ ఆ పూటంతా ముసిముసిగా నవ్వుకుంటూ తిరిగాడు.

తర్వాత బరువులు. ఒక్కో రాడ్డుకి పెద్ద తల ఒక కాటా మీద, చిన్న తల ఇంకో కాటా మీద పెట్టి, రెండు అంకెలూ సుద్దతో ఒంటి మీద రాసేవాణ్ణి. క్రాంకు మీద ఒక్కో చోట రెండేసి రాడ్లు పక్కపక్కన కూర్చుంటాయి. ఆ రెంటి బరువుకీ పొంతన కుదరాలి. మళ్లీ ఎనిమిది జతలకీ కుదరాలి. నాకు అదే పిచ్చి పట్టింది. ఒక ఆదివారం ఖరిదా బజారు నుంచి వంకాయలు తెచ్చి, చెరో చేతిలో ఒక్కోటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటండీ, వొంకాయలకి కూడా జతలు కడతన్నారేటి?" అంది మా ఆవిడ. నిజానికి అదే చేస్తున్నాను.

ఏరినవాటిలో ఒక రాడ్డు మీద నాకు మనసు పడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్ని రోజుకి ఒకసారైనా ఊరికే నిమిరేవాణ్ణి. ఎక్కడా మచ్చ లేదు, వంకర లేదు. గడియారంలా ముల్లు తిరిగే గేజీతో గుండ్రం ఎంత చూసినా వెంట్రుకవాసి తేడా రాలేదు. మావ తడితే గుడిగంటలా పలికింది. దాన్ని ఒకటో నంబరు అన్నాను. అన్ని పరీక్షలూ నెగ్గినా ఒళ్లంతా మచ్చలతో చూడ్డానికి బాగులేని రాడ్డు ఇంకోటి ఉండేది. మొహం నచ్చక దాన్ని పదిహేడోదిగా పక్కన పెట్టేశాను. పెళ్లిచూపుల్లో కూడా నేనింత చూసుకోలేదని మావ ఎగతాళి చేశాడు.

విశ్వకర్మ పూజకి ముందు రోజు పొద్దుటికి పదహారూ తయారయ్యాయి. పూజనాడు కార్ఖానాలో ఎవరూ పనిముట్టు ముట్టరు. సుత్తి, రెంచి, ఆకురాయి అన్నీ దేవుడి ముందు బొట్లు పెట్టించుకుని కూర్చుంటాయి. పూజ మర్నాడే ఇంజన్ బిగింపు మొదలు. మా ఆవిరి సెక్షన్లో ఒక ఆచారం ఉండేది. ఆ ఏడాది చేసిన పనిలో మంచిదాన్ని పూజలో పెట్టే ముందు, దాని మీద మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో కొట్టి మా జట్టు గుర్తు వేసేవాళ్లం. మూడు చుక్కలు, పొయ్యి రాళ్లలా. గుర్తు లేని పనిని విశ్వకర్మ ముందు పెట్టడం మాకు తెలీదు.

దాదా భోజనానికి వెళ్లాడు. నేను పంచ్, సుత్తి తీశాను. గీత పడకూడదన్న మాట నాకు గుర్తులేక కాదు. గీత అజాగ్రత్త వల్ల పడేది, గుర్తు గౌరవంగా వేసేది, రెండూ ఒకటెలా అవుతాయి అనుకున్నాను. పెద్ద చెయ్యి ముందు పడాలి గనక ఒకటో నంబరు మావ ముందు పెట్టాను.

"నువ్వు కొట్టు మావా."

మావ చేతులు కడుక్కొచ్చి, దణ్ణం పెట్టుకుని, రాడ్డు ఒంటి మధ్యన మూడు చుక్కలు దించాడు. ఆవిరి ఇంజను మీద కొట్టినంత గట్టిగా. మిగతా పదిహేనూ నేను గబగబా చకచకా కొట్టేశాను. పదహారు రాడ్లు, ఒక్కోదాని మీద మూడు చుక్కలు, వరసగా. చూసుకుని మురిసిపోయాను.

దాదా వచ్చి మొదటి రాడ్డు మీద వేలు పెట్టాడు. వేలు చుక్కల దగ్గర ఆగింది. రెండో రాడ్డు, మూడో రాడ్డు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు. కేకలేసి ఉంటే బాగుండేది.

"సోలహ్ కే సోలహ్?" అన్నాడు చివరికి, పదహారుకి పదహారూనా అని.

ఆయన అప్పుడు చెప్పినది ఇప్పటికీ నా బుర్రలో ఉంది. ఆవిరి ఇంజన్ రాడ్డు నెమ్మదిగా తిరుగుతుంది, లావుగా ఉంటుంది, దాని మీద పేరు రాసుకున్నా ఊరుకుంటుంది. ఇది అలా కాదు. నలుగుడు, లాగుడు, నలుగుడు, లాగుడు, నిమిషానికి వెయ్యి తిప్పులు. ఒంటి మీద ఎక్కడ చిన్న గుంట ఉంటే శ్రమంతా అక్కడ పోగవుతుంది, పగులు అక్కడే పుడుతుంది. మూడు చుక్కలంటే పగులు మొదలవడానికి మూడు చోట్లు చూపించినట్టు. ఏ బెంగాల్ బయలులోనో, వెనకాల వెయ్యిమంది కూర్చున్న బళ్లు తగిలించుకుని పోతుండగా రాడ్డు తెగితే, ఇంజన్ పక్క గోడ చీల్చుకుని బయటికొస్తుంది.

మావ నా వైపు తిరిగి, "ఏటంతన్నాడు?" అని అడిగాడు. చెప్పాను. మావ మొహం మాడిపోయింది.

ఒకే ఒక్క దారి ఉందన్నాడు దాదా. లోతు తక్కువైతే, చుట్టూ ఇనుముని సన్నగా, నిలువునా, ఏటవాలుగా అరగదీసి గుంట ఆనవాలు లేకుండా చెయ్యొచ్చు. దానికీ ఒక హద్దుంది, అది దాటితే రాడ్డు పారెయ్యాల్సిందే. రేపు పనిముట్టు ముట్టరు. సాయంత్రం సైరను లోపల అయిపోవాలి. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని గరుకు ఎమిరీ గుడ్డతో రుద్దడం మొదలెట్టాం. మంచినీళ్లకి కూడా లేవలేదు. దాదా కూడా చొక్కా చేతులు మడిచి మాతో కూర్చున్నాడు. అరగదీసినదాన్ని అరగదీసినట్టు మెషిను మీద పెట్టి పొడి పోసి చూడడం, గీత లేకపోతే ఊపిరి తీసుకోవడం. నాలుగు, ఏడు, పదకొండు. నేను తొందరలో కొట్టిన దెబ్బలు కాబట్టి లోతు లేవు. పదిహేను బయటపడ్డాయి.

ఒకటో నంబరు బయటపడలేదు. మావ భక్తిగా దించిన చుక్కలు. హద్దు దాకా అరగదీసినా గుంట అడుగు ఇంకా మెరుస్తూనే ఉంది. దాదా లోతు కొలిచి తల అడ్డంగా ఊపాడు. నా ముద్దుల రాడ్డుని నా కళ్ల ముందే తుక్కు వైపు పెట్టించాడు. దాని చోటులోకి ఆ మచ్చల పదిహేడోది వచ్చింది. బరువు కలిసింది కూడా.

అంత మంచి రాడ్డుని పారేస్తే కాగితం రాయాలి. ఎందుకు పోయింది, ఎవరి చెయ్యి. దాదా పెన్ను తీసి, "కిస్కా హాథ్?" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపలే మావ, "నాదే దాదా," అన్నాడు.

అది నిజమే. ఊరుకుంటే అయిపోయేది. ఊరుకుందామని కూడా ఒక్క క్షణం అనిపించింది, దాచను. కానీ మావ చేతులు చూశాను. ఎమిరీకి వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఒంటి మీద దెబ్బ పడకూడదని మీరు మొదటి రోజే చెప్పారు దాదా," అన్నాను. "నేను మావకి చెప్పలేదు. పంచ్ చేతిలో పెట్టి కొట్టించింది కూడా నేనే."

నిజం చెప్పినందుకు మెచ్చుకుంటాడని, క్షమించేస్తాడని లోపల లెక్క వేసుకున్నాను. దాదా మెచ్చుకోలేదు. "ఠీక్ హై," అని, నేను చెప్పినది చెప్పినట్టే రాసుకున్నాడు.

పూజ గడిచింది. బిగింపు గడిచింది. లోడు పరీక్ష రోజు నేను రిపోర్టు సంగతే మర్చిపోయాను. ఇంజన్ని కదలనివ్వకుండా నిలబెట్టి, అది పుట్టించే కరెంటునంతా ఇనప తీగల పెట్టెలోకి పంపి వేడిగా తగలేస్తారు. లోడు అంటే అదే. జోరు పెంచే మీట తిప్పారు, ఒకటో మెట్టు, రెండో మెట్టు. నల్లపొగ గుప్పున లేచింది. అంతలో టర్బో ఈల అందుకుంది. సన్నగా మొదలై, పైపైకి పోయి, చెవులు గింగురుమంటుండగా పొగ పలచబడి తెల్లబడి మాయమైంది. తన పొగని తనే తినేసినట్టుంది. ఆరు, ఏడు, ఎనిమిది. కాళ్ల కింద నేల అదిరింది. నా పళ్లు అదిరాయి. అరిచాను, ఏమరిచానో నాకే వినపడలేదు. మావ ఒక కర్ర తీసుకుని, ఒక కొస ఇంజన్ పక్క తలుపుకీ ఒక కొస చెవికీ ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. తిరిగొచ్చి నా చెవిలో అరిచాడు.

"పదారూ ఒక్క మాటే సెప్తన్నాయి అల్లుడా."

గంటసేపు ఆఖరిదైన ఎనిమిదో మెట్టు మీద నిలబడింది. ఆపాక కూడా నా ఒళ్లు ఆగలేదు. దాదా నన్ను కావలించుకున్నాడు. అందుకే ఇంక ఫరవాలేదనుకున్నాను.

శనివారం కాగితం అంటించారు. డీజిల్లోకి మావని తీసుకున్నారు. నా పేరు కింద, ఆవిరి సెక్షనుకి తిరిగి పంపవలెను అని ఉంది. చూసి నాకు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక, ఇంటికొచ్చి మంచం కోడుని తన్ని కాలు నొప్పెట్టించుకున్నాను. ఆ పూట వంటింట్లో గిన్నెలు చప్పుడు చెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆదివారం పొద్దున్నే మావ వచ్చి వరండాలో కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు.

"నిన్నెవుడు సెప్పమన్నాడు?" అన్నాడు. "నానొప్పుకున్నాను కదా, నీ నోరు కుట్టుకోలేకపోయినావా?" టీ గ్లాసు పక్కకి నెట్టి, "సోమారం నుంచి ఆ గేజీ నానెలగ సదవాలి? కొలతలన్నీ నువ్వే తీసినావు. నాకు తట్టి సూడ్డం తప్ప ఏటొచ్చు? రానని సెప్పీస్తాను."

మా ఆవిడ లోపల నుంచి అంతా వింటోంది. బడి కోసం దాచిన అట్ట ఒకటి తెచ్చి, పళ్లెం బోర్లించి గుండ్రంగా గీసి, చుట్టూ నూరు గీతలు పెట్టింది. నడుమ పిన్నుతో అగ్గిపుల్ల గుచ్చింది. మావ ముందు పెట్టి, "ఇదే మీ గేజీ, కూకోండి," అంది.

కూర్చున్నాడు. నేను పుల్ల తిప్పడం, ఆయన అంకె చెప్పడం. మొదట్లో ఒక్కటీ రాలేదు. నాకు విసుగొచ్చి గట్టిగా అరిచాను, ఆయనా తిరిగి అరిచాడు. మధ్యాహ్నానికి గీతలు లెక్కపెట్టకుండానే చెప్పడం మొదలెట్టాడు. తప్పు చెప్పిద్దామని పుల్లని సున్నాకి అవతల ఒక్క గీత దూరంలో పెట్టాను. దాన్నీ సరిగ్గా చెప్పాడు. వరసగా పదిసార్లు చెప్పాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నాకూ భలే సంతోషమేసింది.

"అయిపోయింది మావా. ఇంక నేను ఈ ఊళ్లో లేకపోయినా నీకు పని ఆగదు," అన్నాను.

మావ చిన్నపిల్లాడిలా వెలిగిపోతూ పుల్లని తనే తిప్పి, అట్టని నా వైపు తిప్పాడు. "ఇప్పుడు నువ్వు సెప్పు, ఇదెంతో," అన్నాడు.

నేను చూశాను. కళ్ల నిండా నీళ్లు. నాకు అంకె కనపడలేదు.